మళ్ళీ రావద్దన్న మనిషి

పేపర్లో ఆ వార్త చదివి నాగలత ఖానాపురం హవేలిలో తమ వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచింది. ఆ సంగతి ఇప్పుడు ఎవరైనా గుర్తుచేస్తే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ముడిచమురు ధర పడిపోయిందని, దేశదేశాల్లో కంపెనీలు మనుషుల్ని ఇంటికి పంపుతున్నాయని టీవీలో అప్పటికి చాలా రోజులుగా చెబుతున్నారు. నాగలత మొగుడు వాసు పనిచేసేది కోనసీమ వైపు, చమురు బావి తవ్వే రిగ్గు మీద. నెల అక్కడ, నెల ఇంట్లో. ఆ నెల ఇంట్లోనే ఉన్నాడు గనక టీవీ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున, ఆ రిగ్గు ఏ కంపెనీ కోసం బావి తవ్వుతోందో ఆ కంపెనీ పెద్దాయన పేపర్లో ఫొటో వేయించుకుని మరీ చెప్పాడు. ధర ఎంత పడినా మా ఉద్యోగుల్లో ఒక్కరిని కూడా తీసెయ్యం, వాళ్ళు మా కుటుంబం అని. నాగలత ఆ పేపరు చేతిలో పట్టుకునే పక్కింటి ముత్తక్క దగ్గరికి పరిగెత్తింది. మిఠాయి కొట్టు షట్టరు పూర్తిగా లేవకముందే వెళ్ళి అక్కడ నిలబడింది.

పంచడం అయిపోయి ఇంటికొచ్చేసరికి వాసు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని నోట్లో ఒక ముక్క పెట్టబోతే మొహం తిప్పుకున్నాడు.

"ఎందుకు పంచినవ్?" అన్నాడు.

"ఎవ్వల్ని తీసెయ్యం అన్నరు కద."

"వాళ్ళ మనుషుల్ని తీసెయ్యం అన్నరు. నేను వాళ్ళ మనిషిని కాదు."

నాగలతకు ముందు బుర్రకెక్కలేదు. ఆమె ఇల్లందు బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. ఆమె పెరిగిన చోట కంపెనీ అంటే ఒక్కటే. బొగ్గు కొట్టేవాడు వేరు, పైకప్పుకు కర్రలు నిలబెట్టేవాడు వేరు, మోటరు నడిపేవాడు వేరు. అయినా అందరూ ఒకే గేటులో పోయేవాళ్ళు, ఒకే చోట హాజరు వేయించుకునేవాళ్ళు, ఒకే దవాఖానాలో మందులు తెచ్చుకునేవాళ్ళు. ఎవరి గేటులో అడుగుపెడితే వాళ్ళ మనిషి. వాసు 'మాది సర్వీసు కంపెనీ' అని పెళ్ళిచూపుల నాడే చెప్పాడు. అదేదో ఆ పెద్ద కంపెనీలోనే ఒక సెక్షన్ కాబోలు అనుకుంది ఆమె. అనుకోక ఏం చేస్తుంది? వాసు తెచ్చిన సంచి మీద పెద్ద కంపెనీ గుర్తే, గొడుగు మీద అదే గుర్తు, ప్రమాదం లేకుండా పని చేసినందుకు బహుమతిగా ఇచ్చిన గోడ గడియారం మీద కూడా అదే.

"మరి రిగ్గు మీద ఉండేటోళ్ళంత ఎవ్వలు?" అని అడిగింది.

వాసు ఓపిగ్గా చెప్పాడు. బావి చమురు కంపెనీది. తవ్వే మిషనూ దాన్ని నడిపే మనుషులూ ఇంకో కంపెనీ. తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద చిక్కగా ఉందా పలచగా ఉందా అని చూసుకునేది వాసు వాళ్ళ కంపెనీ. బురద తేడా వస్తే బావి లోపలి గ్యాసు పైకి తన్నుతుంది, అందుకని కంటి మీద కునుకు లేకుండా చూసుకోవాలి. సిమెంటు పోసేవాళ్ళు మరొకళ్ళు. ఆఖరికి అన్నం వండిపెట్టేది కూడా కాంట్రాక్టే.

"మరి ఆ కంపెనీ మనుషులు ఏరి?"

"ఇద్దరు. పగటికొకలు, రాత్రికొకలు. కంపెనీ మ్యాన్ అంటరు. పగలు మా ఉదయ్ భాస్కర్ సార్."

రిగ్గు మీద నూరు మంది దాకా ఉంటారని నాగలతకు తెలుసు. అంటే ఆ నూరు మందిలో ఇద్దరిని తీసెయ్యబోమని చెప్పడానికి అంత పెద్ద ఫొటో వేయించుకున్నారన్నమాట. ఆమె మిగిలిన మైసూర్‌పాక్ డబ్బాకు మూత పెట్టి వంటింట్లోకి పోయింది.

కంపెనీ అన్న మాట నిలబెట్టుకుంది, పాపం. తన మనుషుల్ని తీసెయ్యలేదు. బావుల్నే ఆపేసింది. బావి ఆగితే రిగ్గువాళ్ళకు కిరాయి ఆగింది, సిమెంటు వాళ్ళకు పని ఆగింది, బురద వాళ్ళకూ ఆగింది. మిగిలిన ఒక్క బావి దగ్గర రేటు తగ్గించండి, నలుగురు చేసే పనికి ఇద్దర్ని పంపండి అని అడిగింది. సర్వీసు కంపెనీలు తలూపాయి. ఊపక ఏం చేస్తాయి, వీళ్ళు కాదంటే ఊపడానికి ఇంకో పదిమంది గేటు బయట నిలబడి ఉన్నారాయె. అట్లా పైన ఎవరో ధర పడిందని దగ్గితే ఆ దగ్గు కిందికి దిగి దిగి ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో ఉన్న వాసు దగ్గర ఆగింది.

సెలవు నెల అయిపోవస్తుంటే ఫలానా రోజు బండెక్కమని ఎప్పుడూ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేది. ఈసారి రాలేదు. వాసే చేస్తే "వెయిట్ చెయ్యి, పిలుస్తాం" అన్నారు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. సర్దిన బ్యాగు తలుపు పక్కనే ఉంది. బట్టలు బయటకు తీస్తానంటే వాసు తియ్యనివ్వలేదు, ఫోన్ వస్తే జల్దీ బయల్దేరాలి కదా అన్నాడు. పొమ్మనలేక పొగపెట్టడం అంటే ఏమిటో నాగలత ఆ రోజుల్లో కళ్ళారా చూసింది. తీసేశాం అని ఒక్క మాట అంటే మనిషి ఏడ్చో తిట్టో ఇంకో పని చూసుకుంటాడు. వాళ్ళు ఆ మాట మాత్రం అనరు.

వాసు ఇతర కంపెనీలకు పేరు పంపడం మొదలుపెట్టాడు. ఎక్కడా జవాబు లేదు. చివరికి, ఒకప్పుడు అతనితో కలిసి పనిచేసి ఇంకో బురద కంపెనీలో చేరిన స్నేహితుడు ఒకడు అసలు సంగతి చెప్పాడు.

"నీ పేరు నేనే చెప్పిన వాసూ. మావోళ్ళు వద్దన్నరు. నీమీద ఎన్నార్బీ ఉన్నదట కద. ఏం చేసినవ్?"

నాట్ రిక్వైర్డ్ బ్యాక్. ఈ మనిషి మాకు మళ్ళీ వద్దు అని. రిగ్గు మీద తాగి దొరికినవాడికి, దొంగతనం చేసినవాడికి, నలుగురి ప్రాణం మీదికి తెచ్చినవాడికి పడే ముద్ర అది. ఒకసారి పడిందంటే ఆ తీరంలో ఏ రిగ్గు గేటూ తెరుచుకోదు. ఆ మాట అనే అధికారం రిగ్గు మీద కంపెనీ మ్యాన్‌కే ఉంటుంది. వాసు పగటి డ్యూటీ మనిషి, పగటి కంపెనీ మ్యాన్ ఉదయ్ భాస్కర్.

"సార్ గట్ల అనడు," అన్నాడు వాసు. "ఎవ్వలో సార్ పేరు మీద నడిపిచ్చిండ్రు. ఏదో పొరపాటు అయింది."

ఉదయ్ భాస్కర్ వాళ్ళది సత్తుపల్లి. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, మామిడి తోటలూ పామాయిల్ తోటలూ ఉన్నాయి. వాసు డ్యూటీకి పోయేటప్పుడల్లా ఆయన తల్లి ప్రమీలారాణి సత్తుపల్లి బస్టాండుకు వచ్చి, కొడుక్కి ఇమ్మని ఆవకాయ జాడీ అతని చేతికిచ్చేది. ఆ జాడీ ఒళ్ళో పెట్టుకుని వాసు కోనసీమ దాకా పోయేవాడు. రిగ్గు మీద ఇద్దరూ ఆ ఆవకాయతోనే అన్నం తినేవాళ్ళు. అట్లాంటి మనిషి ఇట్లా చేస్తాడంటే వాసు ఎట్లా నమ్ముతాడు?

సంగతి తెలిసి నాగలత తండ్రి వెంకన్న ఇల్లందు నుంచి వచ్చాడు. రిటైరైన బొగ్గుబాయి మనిషి. మోకాళ్ళు పట్టేశాయి గానీ గొంతు తగ్గలేదు. అంతా విని ఒకటే మాట అడిగాడు.

"చార్జిషీటు ఏది?"

"అక్కడ అసొంటియి ఉండయి మామా."

"ఎందుకు ఉండయి? బాయిల తాగి పండుకున్నోనికి సుత ముందు చార్జిషీటు ఇయ్యాలె. ఎంక్వైరీ పెట్టాలె. ఎంక్వైరీల ఆడు ఒక్కడే కూసోడు, పక్కన తోటి కార్మికుడు కూసోవాలె. గట్ల ఎంతమంది పక్కన కూసున్ననో నాకే యాదిలేదు. తప్పు చేసినోనికే గంత మర్యాద ఉంటే, ఏ తప్పు చెయ్యనోన్ని అడగకుండ, చెప్పకుండ దొంగను చేస్తరా?"

"పని పోతే పోయింది నాయినా," అంది నాగలత. "ఇంకోటి చూసుకుంటం. పేరు పోతే ఎక్కడ చూసుకుంటం? ఆ మాట వాపస్ తీసుకోవాలె. గంతే కావాలె నాకు."

వాళ్ళకు కావలసిందల్లా అదే. వాసు మీద పడిన ఆ ముద్ర పోవాలి. పోతే బతుకు మళ్ళీ ఎట్లాగో పట్టాలెక్కుతుంది, లేకపోతే అతను నేర్చుకున్న పని ఇక అతనికి లేనట్టే.

సరిగ్గా ఆ సమయంలోనే ఉదయ్ భాస్కర్ ఫోన్ చేశాడు. పర్ణశాలలో సమారాధన పెట్టుకున్నామని, అమ్మ మొక్కు అని, వాసు కుటుంబంతో తప్పక రావాలని. ఆయన కూడా ఉద్యోగం నుంచి బయటికొచ్చాడట. అది విని నాగలత ఒక్క క్షణం జాలిపడింది కూడా. అయ్యో, ఆయన పనీ పోయిందా అనుకుంది. ఆ తర్వాత వాసు ఫోన్‌లో ఆయన స్టేటస్ ఫొటోలు చూసింది.

ఒక్కరినీ తీసెయ్యమన్న కంపెనీ, వెళ్ళాలనుకునేవాళ్ళు సంతోషంగా వెళ్ళొచ్చని ఒక పథకం పెట్టిందట. వెళ్ళేవాళ్ళకు ఏళ్ళకేళ్ళు తిన్నా తరగనంత ఇచ్చింది. ఆస్పత్రి కార్డు బతికున్నంత కాలం. ఏసీ హాల్లో మీటింగు, మెడలో పూలదండ, భుజాన శాలువా, పక్కన పెద్దాయన నిలబడి చేతులు కలుపుతున్న ఫొటో. ఉద్యోగం పోయాక మనసు కుంగిపోకుండా ఉండటానికి మాట్లాడే డాక్టరమ్మను కూడా పెట్టారట. నాగలత ఆ ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూసింది. వాసుకు కనీసం ఒక మనిషి ఫోన్ చేసి చెప్పలేదు.

"పోదాం," అంది. "నాయినా, నువ్వు సుత రా. వాళ్ళు పెట్టని ఎంక్వైరీ మనమే పెడదాం."

నవమి జనం తగ్గాక వచ్చిన ఆదివారం పిల్లల్ని ముత్తక్క దగ్గర వదిలి ముగ్గురూ బస్సులో భద్రాచలం చేరి, అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కారు. దారిలో పోలీసులు ఆటో ఆపి సంచులు వెతికారు. వెంకన్న బీడీలు తప్ప వాళ్ళకేమీ దొరకలేదు. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, ఆటోలో అందరూ తుమ్ముతున్నారు. వాసు దారి పొడుగునా ఒకటే చెప్పాడు, సార్‌తో నేను మాట్లాడతాను, నువ్వు తొందరపడకు అని.

"నీ నోట్ల నాలుక ఉన్నదా?" అంది నాగలత.

గుడికి కొంచెం ఎడంగా, గోదావరి ఒడ్డున తోటలో షామియానా వేశారు. ఫ్లెక్సీ మీద ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు పెట్టుకుని నవ్వుతున్నాడు. మనిషి కూడా అట్లాగే నవ్వుతూ పట్టుపంచెలో ఎదురొచ్చి వాసును కౌగలించుకున్నాడు.

"మా వాసు," అని చుట్టాలందరికీ చూపించాడు. "రిగ్గు మీద నా కుడిచెయ్యి. వీడు బురద చూస్తున్నాడంటే నేను నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి."

ప్రమీలారాణి వచ్చి వాళ్ళ చేతులు పట్టుకుని పంక్తిలోకి లాక్కెళ్ళింది. ముసలామెకు వాసు అంటే నిజంగానే ప్రేమ.

"కూర్చోండమ్మా, ఎండన పడి వచ్చారు. ముందు భోంచెయ్యండి, తర్వాతే మాటలు."

"తింటం అమ్మా," అంది నాగలత. "కాని మీ ఉప్పు తిన్నంక అడగనీకి నోరు రాదు. ముందు సార్‌ను రెండు మాటలు అడగనియ్యిర్రి."

ప్రమీలారాణి తెల్లబోయింది. ఉదయ్ భాస్కర్ నవ్వుతూనే వచ్చాడు. చెట్టు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ఆయన ఒకదాంట్లో కూర్చున్నాడు. వెంకన్న తన కుర్చీ ఎత్తి తీసుకెళ్ళి వాసు పక్కనే, భుజానికి భుజం తగిలేటట్టు వేసుకున్నాడు.

"ఏంటి పెద్దాయనా, పంచాయితీనా?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"ఎంక్వైరీ సారూ. మా బాయిల గిట్లనే కూసుంటం. అల్లుడు చార్జి పడ్డ మనిషి, నేను తోటి కార్మికున్ని. అడిగేది మా బిడ్డ."

చుట్టాలు ఇద్దరు ముగ్గురు వేడుక చూద్దామని దగ్గరికొచ్చారు. నాగలత కూర్చోలేదు.

"మా ఆయన రిగ్గు మీద తాగిండా సార్?"

"ఛ ఛ. వాసు తాగడమేంటి?"

"దొంగతనం ఏమన్న చేసిండా?"

"ఏం మాటలమ్మా అవి?"

"ఎవ్వల ప్రాణం మీదికన్న తెచ్చిండా?"

"ఇప్పుడే కదా అందరికీ చెప్పాను, వాసు లాంటి పనివాడు ఉండడని."

"మరి మళ్ళ వద్దని ఎందుకన్నరు?"

ఉదయ్ భాస్కర్ పట్టుపంచె అంచు సర్దుకున్నాడు. వాసు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. నేను కాదు, నాకు తెలియదు అని ఒక్క మాట అంటే చాలు, వాసు ఈ జన్మకు నమ్మేవాడు. ఆయన ఆ మాట అనలేదు. వాసు తల దించుకున్నాడు.

"అది తప్పు చేశాడని కాదమ్మా," అన్నాడు చివరికి. "పైనుంచి మనుషుల్ని తగ్గించమన్నారు. వాసు వాళ్ళ కంపెనీ మేనేజరే నాకు ఫోన్ చేశాడు. మేం తీసేస్తే నోటీసివ్వాలి, నష్టపరిహారం కట్టాలి, మీరు ఇద్దరికి ఎన్నార్బీ అనేస్తే క్లయింటే వద్దన్నాడని పంపించేస్తాం సార్ అన్నాడు. సరే అన్నాను. అన్ని చోట్లా జరిగేదే. అదొక ఫార్మాలిటీ."

"నలుగురు ఉన్నరు కద. ఈయన పేరే ఎందుకు చెప్పిండ్రు?"

"మిగతావాళ్ళు గొడవ చేసే రకం. వాసు మన జిల్లావాడు. మన మనిషి. అర్థం చేసుకుంటాడు, ఏమీ అనుకోడు అనిపించింది."

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? పరాయివాడిని కొడితే తిరగబడతాడని మనవాడిని కొట్టాడట, అదీ మనవాడు కాబట్టేనట. పైగా ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఏదో మేలు చేసిన ధోరణి. నాగలత కొంగు బిగించి పట్టుకుంది.

"మిమ్మల్ని పంపేటప్పుడు ఎట్ల పంపిండ్రు సార్? ముందు పిలిచి అడిగిండ్రు, పోతవా ఉంటవా అని. శాలువా కప్పిండ్రు. మనసు ఖరాబు కావద్దని డాక్టరమ్మను పెట్టిండ్రు. మా ఆయనను పంపేటప్పుడు ఏం చేసిండ్రు? చెయ్యని తప్పు నెత్తిన వెట్టిండ్రు. ఇద్దరి పని పోయింది ఒక్క బాయి కాడనే కద. ధర పడ్డది ఒక్కటే కద. మీకు దండ పడ్డది, ఈయనకు మచ్చ పడ్డది. ఏం, మా ఆయన చూసిన బురద వేరా, మీరు తవ్వించిన బాయి వేరా?"

ప్రమీలారాణి పులిహోర బేసిన్ పక్కన పెట్టి అక్కడే నిలబడింది. వెంకన్న గొంతు సవరించుకున్నాడు.

"అయింది సారూ. తప్పు లేదని మీ నోటితోనే ఒప్పుకున్నరు. ఇగ గదే మాట ఆ మేనేజర్‌కు ఫోన్ చేసి చెప్పుండ్రి. మీరు వేసిన మచ్చ మీరే తుడిచిండ్రంటే మేం తిని, దండం పెట్టి పోతం."

ఉదయ్ భాస్కర్ మొహం తేటపడింది. "ఇంతేనా? దానికేం, ఇప్పుడే చేస్తాను," అన్నాడు. "వాడికి నా మాటంటే వేదం."

అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టి చేశాడు. మొదటిసారి రింగై రింగై ఆగిపోయింది. రెండోసారికి ఎత్తారు.

"ఎవరు?"

"నేనయ్యా, ఉదయ్ భాస్కర్."

"ఆఁ. చెప్పండి."

సార్ అనలేదని ఉదయ్ భాస్కర్‌కు తెలిసినట్టే ఉంది, కుర్చీలో కొంచెం సర్దుకున్నాడు. వాసు తప్పేమీ లేదని, ఆ ఎన్నార్బీ తీయించెయ్యమని చెప్పాడు. అవతలి మనిషి పూర్తిగా విన్నాడు.

"మీరిప్పుడు అక్కడ లేరు కదండీ. తీయాలంటే ఇప్పుడున్న కంపెనీ మ్యాన్ చెప్పాలి. ఆయన గుజరాత్ నుంచి వచ్చాడు. ఆయనకు వాసు ఎవరో తెలియదు."

"వేసింది నేనే కదయ్యా. నువ్వు అడిగితేనే కదా వేసింది."

"నేను అడగడమేంటండీ? అట్లాంటివి ఫోన్‌లో మాట్లాడకండి. మీటింగులో ఉన్నాను."

ఫోన్ కట్ అయింది. ఉదయ్ భాస్కర్ మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. మూడోసారి చేస్తే నంబరు కలవనే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ దేవుడికి గుళ్ళో చోటు పోయి, పూజారి తలుపేసుకున్నాడు. మచ్చ వెయ్యడానికి పనికొచ్చిన నోరు తుడవడానికి పనికిరాకుండా పోయింది. వెంకన్న నెత్తి మీద తువ్వాలు తీసి మోకాళ్ళ మీద వేసుకున్నాడు. ఎన్నో ఎంక్వైరీల్లో కూర్చున్న మనిషి, ఇట్లాంటి తీర్పు ఎక్కడా చూడలేదు.

చుట్టాల ముందు ఉదయ్ భాస్కర్‌కు తలకొట్టేసినట్టయింది. ఫోన్ జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు ఏదో తట్టినట్టు వాసు వైపు వంగాడు.

"వాణ్ణి వదిలెయ్ వాసూ. నేనేం ఊరికే కూర్చోను. వచ్చిన దాంతో సొంతంగా సర్వీసు కంపెనీ పెడుతున్నాను. ధర మళ్ళీ లేస్తుంది, బావులు మళ్ళీ మొదలవుతాయి. అప్పటికి కొత్త కంపెనీలు కూడా వస్తాయి, అక్కడ నీ ఎన్నార్బీ ఎవడూ అడక్కుండా నేను చూసుకుంటాను. మొదటి మనిషివి నువ్వే. పని ఉన్నప్పుడల్లా పిలుస్తాను."

చుట్టాలు అమ్మయ్య అనుకున్నారు. ఒకాయన, ఇంకేం కావాలయ్యా, కాళ్ళ దగ్గరికే వచ్చింది అన్నాడు. వెంకన్న అల్లుడి వైపు ఆశగా చూశాడు. నిజం చెప్పాలంటే నాగలత గుండె కూడా ఒక్కసారి ఊరటపడింది. ఎంత కోపంలో ఉన్నా ఇంటి కిరాయి గుర్తుకొస్తుంది, పిల్లల బడి గుర్తుకొస్తుంది. ఒప్పుకో అన్నట్టు మొగుడి వైపు చూసింది.

వచ్చినప్పటి నుంచీ వాసు ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు, చేతులు కట్టుకునే ఉన్నాడు.

"వస్త సార్. పని చేస్త. మీరు నిద్రపోయేటట్టే చూసుకుంట," అన్నాడు. "కాని ఒకటి అడుగుత. ధర ఇయ్యాల లేస్తది, రేపు మళ్ళ పడ్తది. అప్పుడు మీ కంపెనీల సుత మనిషిని తగ్గించాల్సొస్తది. నన్నే తీసెయ్యిర్రి, నేనేమనుకోను. కాని అప్పుడు పని లేదని చెప్పి తీసేస్తరా, నేను తప్పు చేసిన్నని చెప్పి తీసేస్తరా?"

"అదేం ప్రశ్న వాసూ," అని నవ్వబోయాడు ఉదయ్ భాస్కర్.

వాసు నవ్వలేదు. అట్లాగే నిలబడి జవాబు కోసం చూశాడు. నాగలత వచ్చి అతని పక్కన నిలబడింది. ఉదయ్ భాస్కర్ చుట్టాల వైపు చూశాడు, ఎవరూ ఆయన్ని ఆదుకోలేదు.

"అడుగుతున్నాడు కదరా," అంది ప్రమీలారాణి. "చెప్పు."

ఉదయ్ భాస్కర్ తల్లి మొహం చూడలేక గోదావరి వైపు తిరిగాడు. వాసు ముసలామెకు దండం పెట్టి, మామ చెయ్యి పట్టుకుని లేపాడు. తిని వెళ్ళమని వాళ్ళను ఆపడానికి ప్రమీలారాణికి నోరు రాలేదు.